ఇరవై అయిదో రాత్రి లెక్క

ఆ ఒక్క వసంతంలో పోయినవాటి లెక్క ముందు చెబుతాను. నాకు అలవాటైన పద్ధతి అదే. ఒక పెద్దాయన పదమూడో ఏట మొదలుపెట్టి, డెబ్బై ఆరేళ్లపాటు తెగకుండా నిలుపుకొచ్చిన లెక్క పోయింది. ఆయన ఎదుట కూర్చుని వాదించుకునే శనివారం మధ్యాహ్నాలు పోయాయి. మా తెలుగు క్రైస్తవ సంఘంలో తొమ్మిదేళ్లు నేను చెప్పిన ఆదివారం తరగతి పోయింది. ఆ తరగతి గది బయట కొక్కేనికి తగిలించి వచ్చిన నల్ల గొడుగు పోయింది. దాన్ని అడగడానికి మళ్లీ వెళ్లలేదు. 'నాకు ఖాయంగా తెలుసు' అనడంలో ఒక సుఖం ఉంటుంది, అదీ పోయింది. వీటిలో గొడుగు ఒక్కటే మళ్లీ కొనుక్కోగలిగాను.

ఇది చదివే మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, లేదా వాటికోసం మాస్టర్స్ చదువుతున్నవాళ్లు. నేను ఆ దారిన రాలేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. ఇంటర్ రెండుసార్లు తప్పాను. నర్సు అయిన నా భార్య వీసా మీద, ఆమె వెనక సూట్‌కేసు మోసుకుంటూ న్యూజెర్సీ వచ్చాను. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో మా చుట్టూ ఉన్న మగవాళ్లంతా పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగులతో వెళ్లేవారు. నేను బాల్కనీలో నిలబడి, ఏ కారు ఎన్నింటికి బయలుదేరుతుందో మనసులో గుర్తుపెట్టుకునేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చి పని చేసుకునే హక్కు దొరికాక, నా భార్య పనిచేసే హోమ్‌లోనే నాకూ ఉద్యోగం ఇప్పించింది.

అది యూదు వృద్ధులు ఉండే హోమ్. నియమాలు పాటించేవాళ్లది. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చుక్కలు కనబడేవరకు వాళ్లు స్విచ్ వెయ్యరు, లిఫ్ట్ బటన్ నొక్కరు, కలం పట్టరు. అందుకని దీపాలు వాటంతటవే వెలగాలి, ఆరాలి. లిఫ్ట్ దానంతటదే ప్రతి అంతస్తులో ఆగుతూ తిరగాలి. ఆ వేళలన్నీ ముందుగా అమర్చి పెట్టడం నా పని. ప్రతి వారం పొద్దు గుంకే వేళ మారుతుంది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని ఆ లెక్క నేర్చుకున్నాను. వాళ్ల నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, మన అధికమాసం లాంటిది వాళ్లకీ ఉంది. పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు నెల కలుస్తుందని తెలిసిన రోజున నాకు, క్రైస్తవుడయ్యాక కూడా పంచాంగం చూడటం మానని మా తాత గుర్తొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

మొదటి ఏడాది మార్చిలో గడియారాలు గంట ముందుకు జరిపే వారం లిఫ్ట్ సంగతి మరిచిపోయాను. దాంతో శనివారం పొద్దున్న ఎనిమిదిమంది ముసలమ్మలు నాలుగో అంతస్తులో చిక్కుపడిపోయారు. వాళ్లు కుర్చీలు తెప్పించుకుని పాటలు పాడుకుంటూ కూర్చున్నారని తర్వాత తెలిసింది. ఆ గందరగోళంలో ఒక పెద్దాయన మాత్రం చేతికర్ర పట్టుకుని మూడు అంతస్తులు మెట్లు దిగి నా బల్ల దగ్గరికి వచ్చారు. "గంట తప్పావు," అన్నారు. "నా భార్య ఉన్నప్పుడు మా ఇంటి దీపాలకి నేనూ ఏటా తప్పేవాణ్ణి. కూర్చో, నీళ్లు తాగు." మెట్లు దిగింది ఆయన, నీళ్లు నన్ను తాగమంటున్నారు. ఆయనతో నా స్నేహం అక్కడ మొదలైంది.

ఆయన జీవితమంతా తాళాలు బాగుచేసే కొట్టు నడిపారు. నేను ఎరిగేనాటికి ఎనభై దాటాయి, కళ్లు బాగా మందగించాయి. శనివారం మధ్యాహ్నం డ్యూటీ ఎవరూ కోరుకోరు కాబట్టి నాకే పడేది. భోజనాల గది ఖాళీ అయ్యాక ఆయన కిటికీ దగ్గర కూర్చుని నన్ను పిలిచేవారు. మాది ఇంగ్లీషులో సాగే మాట, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన పేరు పెట్టి పిలవమన్నా నా నోరు రాలేదు, చివరిదాకా 'సర్' అనే అన్నాను.

ఇప్పుడు ఆ లెక్క గురించి చెప్పాలి. వాళ్ల ఆలయం ఉన్న కాలంలో, బానిసత్వం నుంచి విడుదలని తలుచుకునే పస్కా పండుగ రెండో రోజున కొత్త పంటలో మొదటి యవల పన, అంటే కంకుల కట్ట, దేవుడికి తెచ్చేవారట. ఆ రాత్రి నుంచి నలభై తొమ్మిది రాత్రులు లెక్కపెట్టి, యాభయ్యో రోజున వారాల పండుగ చేసుకుంటారు. మా క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ వచ్చింది అక్కడినుంచే. ఆలయం పోయింది, పన పోయింది, లెక్క మిగిలింది. రోజూ చీకటి పడ్డాక నిలబడి, ముందు ఒక స్తోత్రం చెప్పి, తర్వాత ఈ రాత్రి ఎన్నోదో పైకి చెప్పాలి. అంతే. రెండు నిమిషాలు కూడా పట్టదు.

దాంట్లో రెండు నియమాలున్నాయి. చీకటి పడ్డాక ఎవరైనా 'ఈ రాత్రి ఎన్నోది' అని అడిగితే, నిన్నటి అంకె చెప్పాలి. ఈ రాత్రి అంకె నోట వచ్చేస్తే స్తోత్రం లేకుండానే లెక్క అయిపోయినట్టు. నేను యూదుణ్ణి కాకపోయినా పెద్దాయన నాకూ ఆ మర్యాద నేర్పారు. రెండోది కఠినమైనది. ఒక రాత్రీ, దాని మర్నాటి పగలూ పూర్తిగా లెక్క తప్పిపోతే, మిగిలిన రాత్రులన్నీ స్తోత్రం లేకుండా ఉత్త అంకె చెప్పుకోవాల్సిందే. మళ్లీ ఏడాది కొత్త లెక్క మొదలయ్యేదాకా అంతే.

ఆయన పదమూడో ఏట నుంచి ఏ ఏడూ తప్పలేదు. సైన్యంలో ఉన్నప్పుడు తప్పలేదు. గుండె ఆపరేషన్ రోజున మత్తు వదిలాక, పొద్దు గుంకేలోగా నర్సు చెయ్యి పట్టుకుని అంకె చెప్పారట. ఎందుకంత పట్టుదల అని అడిగాను. దేవుడు పంపే విమోచకుడు, మెస్సీయ, ఏ సాయంత్రమైనా రావచ్చని, వచ్చేసరికి మన ఇంట్లో లెక్క నడుస్తూ ఉండాలని వాళ్ల నాన్న చెప్పారట. "పెద్ద వేదాంతం కాదు," అన్నారు. "చుట్టాలొచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉండటం లాంటిది."

భోజనాల గది గోడకి ఒక పలక ఉండేది, రోజూ సాయంత్రం దాని మీద అంకె మార్చడం నా పనుల్లో ఒకటి. ఆయనకు పలక కనబడదు. అందుకని రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి నిన్నటిది అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. ఆయన పలక వైపు తిరిగి సన్నని రాగంతో స్తోత్రం చెప్పి, ఒకటి కలిపి అంకె చెప్పేవారు.

నేను పుట్టు క్రైస్తవుణ్ణి. మెస్సీయ వచ్చాడని, ఆయన యేసేనని నా నమ్మకం. సంఘంలో నా తరగతి కూడా దాని మీదే, ప్రవచనాలూ వాటి నెరవేర్పూ. అందులో నాకు పేరు తెచ్చిపెట్టింది దానియేలు ప్రవక్త చెప్పిన డెబ్బై వారాల లెక్క. వారమంటే ఏడేళ్లు. మెస్సీయ వచ్చేదాకా అరవై తొమ్మిది వారాలు, అంటే నాలుగువందల ఎనభై మూడేళ్లు. ఏడాదికి మూడువందల అరవై రోజుల చొప్పున ఒక లక్షా డెబ్బై మూడువేల ఎనిమిదివందల ఎనభై రోజులు. ఇది నేను కనిపెట్టింది కాదు, పాత లెక్కే. కానీ బోర్డు మీద కాలిక్యులేటర్ లేకుండా గుణించి, యెరూషలేము కట్టమని రాజాజ్ఞ వెలువడిన రోజు నుంచి యేసు గాడిద మీద పట్టణంలోకి వచ్చిన రోజు దాకా తెచ్చి ఆపేవాణ్ణి. ఎంటెక్‌లు చదివినవాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఇంటర్ తప్పినవాడికి అది ఎంత మత్తో చెప్పలేను.

ఒక శనివారం ఆ లెక్కంతా పెద్దాయనకు నోటితో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. గుణకారాలన్నీ తలలోనే సరిచూశారని తర్వాత అర్థమైంది.

"ఏ రాజు ఆజ్ఞ నుంచి మొదలుపెట్టావు?" అన్నారు.

చెప్పాను.

"అలాంటి ఆజ్ఞలు మూడో నాలుగో ఉన్నాయి. ఈ ఒక్కదాన్నే ఎందుకు పట్టుకున్నావు?"

ఆయన నవ్వారు. "ఎందుకంటే మిగతావాటితో జవాబు కుదరదు. ముందు ఏ గదిలోకి వెళ్లాలో నీకు తెలుసు, తర్వాత తాళంచెవి అరగదీశావు. తప్పు కాదు, నేనూ అలాగే బతికాను. కానీ దాన్ని లెక్క అనకు."

వాళ్లలోనూ ఇలా లెక్కలు వేసినవాళ్లు చాలామంది ఉన్నారని, చెప్పిన తేదీ వచ్చి వెళ్లిపోయిన ప్రతిసారీ కొందరు ఆశే వదులుకుని పోయారని చెప్పారు. అందుకే వాళ్ల పెద్దలు అంత్యకాలం లెక్కగట్టేవాళ్లను గట్టిగా తిట్టారట. "ఎదురుచూస్తూ రోజులు లెక్కపెట్టు, ఫరవాలేదు. ఆయన వచ్చే రోజును మాత్రం లెక్కగట్టొద్దు," అన్నారు. నాకు ఆ తేడా అప్పుడు అర్థం కాలేదు. రాజాజ్ఞల సంగతి ఇంకొంచెం చదివి వచ్చే శనివారం గెలవాలని మాత్రం అనుకున్నాను.

ఆ ఏడు పస్కా మొదలై మూడు వారాలు దాటాక ఆయనకు జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు డాక్టరు. సాయంత్రం వెలుగుండగానే మందులిచ్చారు, ఆయన నిద్రలోకి జారిపోయారు. చీకటి పడ్డాక నేను పలక మీద ఇరవై అయిదు పెట్టాను. మర్నాడు పగలంతా ఆయన పడుకునే ఉన్నారు. డ్యూటీకి వచ్చిన వెంటనే ఒకసారి తొంగిచూశాను. లేపాలనిపించలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక, చుక్కలు వచ్చేశాక, ఆయన వాకర్ పట్టుకుని మెల్లగా నా బల్ల దగ్గరికి వచ్చారు. నా భార్య ఆ పక్కనే నర్సుల కౌంటర్ దగ్గర మందుల ట్రే సర్దుతోంది.

"నిన్నటిది నేను లెక్కపెట్టానా?" అని అడిగారు. నన్నే కాదు, ఇద్దర్నీ అడిగారు.

"నాకు గుర్తులేదు సర్," అంది నా భార్య వెంటనే. నేను ఆశ్చర్యపోయాను. పదేళ్ల కిందట ఏ పేషెంట్‌కి ఏ మాత్ర పడలేదో ఇప్పటికీ చెప్పగల మనిషి.

"పొద్దున నీళ్లు తాగి ఏదో చెప్పినట్టే ఉంది," అన్నారు పెద్దాయన. "కలేమో మరి."

"ఏ అంకె చెప్పారు సర్?" అన్నాను.

నా భార్య తలెత్తకుండా తెలుగులో అంది, "జ్వరంలో ఉన్న మనిషికి పరీక్ష పెడతారేంటండీ. పోనివ్వండి."

నేను పోనివ్వలేదు. ఆదివారం తరగతిలో అలవాటు, ప్రశ్న వేశాక జవాబు రాబట్టాల్సిందే. ఆయన కాస్త ఆలోచించి, "ఇరవై నాలుగు అనుకుంటా," అన్నారు.

"అది మొన్నటిది సర్. నిన్నటిది ఇరవై అయిదు. మీరు చెప్పినా, తప్పు అంకె చెప్పారు." అక్కడితో ఆగినా బాగుండేది. కౌంటర్ మీద నుంచి చార్టు తీసుకుని, సాయంత్రం మందు వేసిన దగ్గర్నుంచి ఇవాళ పొద్దు గుంకేదాకా ఎవరు చూసినా ఆయన నిద్రలోనే ఉన్నారని రాసిన మాటలు వరసగా చదివి వినిపించాను. సగం నా భార్య చేతిరాతే. పొద్దున నీళ్లిచ్చిన అటెండెంట్ కూడా, తాగి మాట్లాడకుండా పడుకున్నారని రాసింది.

"ఖాయమా?" అన్నారు ఆయన.

"ఖాయం సర్."

"నువ్వు ఖాయమంటే ఖాయమే," అన్నారు. నాకు థాంక్స్ చెప్పారు. వాకర్ పలక వైపు తిప్పుకుని నిలబడి, "ఇరవై ఆరు," అన్నారు. అంతే. ముందు రావలసిన రాగం రాలేదు. ఆయన వెళ్లిపోయాక కూడా నేను ఆయనకి సాయం చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఉప్మా కలుపుతూ నా భార్య అడిగింది, "మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారండీ?"

"అడిగారుగా. తెలిసి తెలియదని చెప్పనా?"

"నేను చెప్పలేదూ? ఆ చార్టు రాసింది నేనే."

"అయితే నువ్వు అబద్ధమాడావన్నమాట."

గరిటె పక్కన పెట్టింది. "ఆ అంతస్తులో పదిహేనుమంది ఉన్నారు. ఏ నిమిషాన ఎవరు పెదాలు కదిపారో నేను ప్రమాణం చేసి చెప్పలేను. మీరు చెప్పగలరు. మీకన్నీ తెలుసు." గరిటె మళ్లీ అందుకుని, "ఆయన మొహం చూశారా అడిగేటప్పుడు?" అంది.

చూడలేదు. చార్టు చూస్తున్నాను.

రెండు శనివారాలు డ్యూటీ మార్పించుకున్నాను. ఎవరితోనైనా ఆ రోజు మార్చుకోవడం ఎంత కష్టమో హోమ్‌లో పనిచేసినవాళ్లకి తెలుసు. ఒకరికి రెండు పండుగ డ్యూటీలు ఒప్పుకోవాల్సి వచ్చింది. మిగతా రోజుల్లో పెద్దాయన ఎప్పటిలాగే వచ్చి నిన్నటి అంకె అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి, ఆయన ఉత్త అంకె చెప్పి వెళ్లేవారు. మూడో శనివారం ఎవరూ దొరక్క వెళ్లాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు ఒక గిన్నెడు బాదం పప్పులు, రెండు ఖాళీ సాసర్లు.

"కూర్చో," అన్నారు. "ఒక సంగతి చెప్పాలి. మా నియమంలో ఒక సందుంది. లెక్కపెట్టానో లేదో తెలియనివాడు స్తోత్రంతోనే కొనసాగించవచ్చు. పెట్టలేదని తెలిసినవాడు కొనసాగించకూడదు."

నాకు వెంటనే అందలేదు.

"ఆ రాత్రి మీ దగ్గరికి తెలుసుకుందామని రాలేదు," అన్నారు. "తెలియదనిపించుకుందామని వచ్చాను."

"ఆ మాట ముందే చెప్పి ఉంటే..."

"చెప్పి అడిగితే మోసమయ్యేది. నీ భార్య చెప్పకుండానే గ్రహించింది. నువ్వు నిజం చెప్పావు. నిజం చెప్పినందుకు నీ మీద కోపం ఎలా పెట్టుకుంటాను? కొట్లో నేనూ అంతే, తలుపు బిగుసుకుందంటే కీళ్లు ఊడదీసి చూసేవాణ్ణి. ఇంటివాళ్లు పాపం ఆ రాత్రి తలుపు లేకుండా పడుకునేవారు."

క్షమించమని అడిగాను. మళ్లీ పస్కాకి కొత్త లెక్క వస్తుందిగా, అప్పుడు స్తోత్రంతో మొదలుపెట్టవచ్చని కూడా అన్నాను. ఎనభై తొమ్మిదేళ్ల మనిషితో అన్నాను ఆ మాట.

ఆయన బాదం గిన్నె నా వైపు తోశారు. "నీ మెస్సీయ వచ్చాడంటావు. అయితే ఇవాళ సరిగ్గా లెక్క చూద్దాం. ఏ ఊళ్లో పుడతాడు, ఏ జంతువు ఎక్కుతాడు, అవి కాదు. అవి మనిషిని ఆనవాలు పట్టడానికి. ఆయన వస్తే మాకేం జరుగుతుందన్నారో అది చూద్దాం." విశ్రాంతి దినం కాబట్టి రాయకూడదు. ఒక్కో మాటకి ఒక్కో బాదం పప్పు.

ఆయన తన ప్రవక్తల నుంచి ఒక్కొక్కటి చెబుతుంటే, నేను అవును, మా దగ్గరా అలాగే ఉందని ఒప్పుకుంటూ ఆయన సాసర్‌లో పప్పు పెట్టాను. జనాలు యుద్ధం నేర్చుకోవడం మానేస్తారు. కత్తులు సాగగొట్టి నాగటి కర్రులు చేస్తారు. ప్రతివాడూ తన ద్రాక్షతీగ కింద భయం లేకుండా కూర్చుంటాడు. చెదిరిపోయినవాళ్లు ఇల్లు చేరతారు. బీదవాడికి న్యాయం జరుగుతుంది. తోడేలు గొర్రెపిల్ల పక్కన పడుకుంటుంది. అలా చెప్పుకుంటూ పోతే పన్నెండు వచ్చాయి. చివరిది, చనిపోయినవాళ్లు లేవడం.

"ఇప్పుడు నెరవేరినవి నీ సాసర్‌లోకి తీసుకో," అన్నారు.

గుడ్డివాళ్లు చూపు పొందడం అన్న పప్పు మీద చెయ్యి వేశాను. యేసు చూపిచ్చినవాళ్లున్నారు కదా. ఆయన తన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చివరి పప్పు తీశాను. ఇది మాత్రం నాది అన్నాను. ఆదివారం తరగతిలో ఎప్పుడూ చెప్పని రీతిలో చెప్పాను, ఎందుకంటే అప్పటిదాకా అలా ఆలోచించలేదు. యేసుని మొదట నమ్మినవాళ్లంతా మీవాళ్లే. ఈ పన్నెండూ వాళ్లకి కంఠతా వచ్చు. నాయకుణ్ణి శిలువ వేశాక, మూడో రోజున ఇద్దరు పట్టణం వదిలి నడిచిపోతూ, ఆయనే మనల్ని విడిపిస్తాడని ఆశపడ్డామే అని దారిలో దిగులుపడ్డారు. వాళ్ల దగ్గర డెబ్బై వారాల గుణకారం లేదు. ఆయన చావు నుంచి లేచాడని, చూశామని చెప్పారు. అది చెప్పుకున్నాకే పాత మాటల్ని మళ్లీ మొదటి నుంచి చదువుకుని, మెస్సీయ బాధపడాల్సి ఉందని గ్రహించారు. అంతా అయిపోయిందనీ వాళ్లు అనలేదు. ఆయన ప్రథమఫలం, మొదటి పంట అన్నారు. మీరు ఈ నలభై తొమ్మిది రాత్రులూ ఏ యవల పన నుంచి లెక్కపెడుతున్నారో, ఆ పన అన్నారు. మిగతావాళ్లు లేవడం కోతకాలంలో.

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"ఇది మావాళ్ల ఆలోచనే," అన్నారు. "నేను ఒప్పుకోను. కానీ ఆ చెప్పినవాళ్లకి పొలం పని తెలుసు. మొదటి పన తెచ్చినవాడు కోత అయిపోయిందని ఊరంతా చాటడు."

నా చేతిలోంచి ఆ పప్పు తీసుకుని, నా సాసర్‌లో కాదు, తన సాసర్‌లో కాదు, రెండింటికీ మధ్య బల్ల మీద పెట్టారు. లిఫ్ట్ దానంతటదే మా అంతస్తులో ఆగి, తలుపులు తెరుచుకుని, ఎవరూ ఎక్కకుండానే మూసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం తరగతిలో ఎప్పటి గుణకారం చెయ్యకుండా, బోర్డుకి మధ్యగీత గీసి, ఒకవైపు వచ్చినవీ ఒకవైపు రావలసినవీ రాశాను. రెండోవైపు నిండిపోయింది. వెనక వరసలో మాస్టర్స్ చదివే అమ్మాయి చెయ్యెత్తింది. "అంకుల్, మరి ఇవన్నీ ఎప్పుడు?"

"తెలియదమ్మా," అన్నాను. ఆ గదిలో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ వారం పాస్టర్ గారు ఇంటికి వచ్చి టీ తాగారు. మంచి మనిషి. "బ్రదర్, మీరు చెప్పింది తప్పనట్లేదు," అన్నారు. "మిగిలినవి యేసు రెండో రాకడలో నెరవేరతాయి, మనకి తెలుసు. కానీ పిల్లలు ఉద్యోగాల టెన్షన్‌లో, వీసా టెన్షన్‌లో వస్తారు. వాళ్లకి నెరవేరినవి చెప్పి పంపిద్దాం." వాళ్లే కదా ఎదురుచూడటం తెలిసినవాళ్లు అన్నాను. ఆయన నవ్వి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి, తరగతి ఇంకొకరు చూస్తారు అన్నారు. నేను వాదించలేదు. అప్పటికి వాదించి గెలవడం మీద కోరిక చచ్చిపోయింది. కొత్త మాస్టారు ఆ పాత గుణకారమే చెబుతున్నారని, నాకంటే వేగంగా చేస్తారని విన్నాను.

నలభై తొమ్మిదో రాత్రి పెద్దాయన పక్కన నేనూ నిలబడ్డాను. ఆయన ఉత్త అంకె చెప్పి లెక్క ముగించారు. వేసవిలో బాగానే ఉన్నారు. శనివారాలు మళ్లీ కూర్చున్నాం, కానీ మెస్సీయ గురించి కాదు, తాళాల గురించి, మిర్చి ధరల గురించి. చలికాలం మధ్యలో నెమ్ము తిరగబెట్టింది. అప్పటికి పస్కా ఇంకా రెండు నెలల దూరంలో ఉంది. కొత్త లెక్క ఆయన దాకా రాలేదు. డెబ్బై ఆరేళ్లలో స్తోత్రం లేకుండా ముగిసింది ఒక్కటే, అదే ఆఖరిది అయింది.

తర్వాత ఆ హోమ్‌ని ఎవరో కొన్నారు. దీపాలూ లిఫ్టూ ఇప్పుడు ఏదో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, బహుశా మీలో ఒకరు రాసిందే. బాగా రాసి ఉంటారు, మార్చిలో గంట తప్పదు. నేను ఆ పని మానేసి పన్నుల లెక్కలు చేసుకుంటున్నాను. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే ముందు వాళ్ల మొహం చూడటం నేర్చుకున్నాను. ఆలస్యంగా నేర్చుకున్నాను. నా భార్య అది నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడాదే నేర్పిస్తారంటుంది.

నా నమ్మకం మారలేదు. మెస్సీయ వచ్చాడనే అంటాను. కానీ ఎవరైనా అడిగితే, వచ్చినదాంతో పాటు రానివి కూడా చెబుతాను. బల్ల మీద మధ్యలో పెట్టిన పప్పుని నేను నా వైపు వేసుకున్నాను, ఆయన ఉంటే ఒప్పుకునేవారు కాదు. కాబట్టి ఇద్దరి లెక్కా రాస్తున్నాను. ఈనాటికీ రావలసినవి నా లెక్కలో పదకొండు, ఆయన లెక్కలో పన్నెండు.